దాక్కోమన్న రాకుమారి

హారం పోయిందని చెప్పినవాళ్లు ఆ ఊళ్లో ఏడుగురు. పిల్ల పోయిందని చెప్పినవాడు ఒక్కడే. ఆ ఒక్కణ్ణే లాకప్పులో పెట్టారు.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి మద్దిరేవులో పడవ దిగి, టేకు కాంట్రాక్టరు సీతారాములుగారి బంగళా వసారాలో కుర్చీ లాక్కుని కూర్చున్న పావుగంటలో డిటెక్టివ్ పరాంకుశం తేల్చుకున్న సంగతి ఇది. ఆయనది శబరికి అవతల, భద్రాచలం. ఒకప్పుడు పోలీసు కచేరీలో రైటరు. పై అధికారి పేరు మీద నలుగురిలో ఒక శ్లేష విసిరి, ఆ సాయంత్రానికి మాజీ రైటరు అయ్యాడు. ఉద్యోగం ఊడింది గాని నాలుక ఊడలేదు. అప్పటినుంచి ఏటికి ఇటు బస్తర్ సంస్థానంలోనూ, అటు ఇంగ్లీషువాళ్ల ఇలాకాలోనూ జనం పోగొట్టుకున్నవి వెతికిపెట్టి బతుకుతున్నాడు. మీకు పోతేనే నాకు వస్తుంది అని ఆ వృత్తి గురించి చెప్పుకునేవాడు.

ఈసారి కబురు పెట్టింది సీతారాములుగారి భార్య మంగతాయారు. భర్త అడవి కూపుల వేలానికి జగదల్‌పూర్ వెళ్లాడు. ఆవిడ పంపిన చీటీలో ఉన్నది రెండే ముక్కలు: "నా హారం పోయినది. పిల్ల కూడా కనబడుట లేదు." ఆ రెండో ముక్కలో "కూడా" అన్న మాట పరాంకుశానికి పంటికింద రాయిలా తగిలింది. పడవలో వస్తున్నంతసేపూ దాన్నే నములుతూ వచ్చాడు.

జరిగిందేమిటో మంగతాయారు వరసగానే చెప్పింది. కొడుకు రఘు, పదిహేనేళ్లవాడు, రాజమండ్రి బడికి వేసవి సెలవులిస్తే వచ్చి తోచక గోళ్లు కొరుక్కుంటున్నాడు. ఏదో ఇంగ్లీషు ఆడవాళ్ల పత్రికలో ఆవిడ ఒక కొత్తరకం వేడుక చూసింది. మిస్టరీ పార్టీ అంటారుట దాన్ని. ఒక రహస్యం అల్లడం, ఆధారాలు దాచడం, పిల్లలు డిటెక్టివులై వాటిని వెతుక్కుంటూ పోవడం. రేంజరుగారి పిల్లలు, పోస్టుమాస్టరుగారి పిల్లలు, బడి పంతులుగారి అమ్మాయి, అందరూ కలిసి ఆరుగురు పోగయ్యారు. కథ ఆవిడే అల్లింది. రాకుమారి రత్నహారంతో సహా మాయమవుతుంది. నాలుగు చోట్ల నాలుగు చీటీలు. చివరి చీటీ దొరికితే రాకుమారి దొరుకుతుంది.

రాకుమారి పాత్ర దగ్గరే చిక్కొచ్చింది. మాయం కావాలంటే టేకు డిపోలో దుంగల మధ్య గంటసేపు ఒంటరిగా కూచోవాలి. పాములుంటాయని అందరూ జంకారు. అందుకని చింతపండు, ఇప్పపువ్వు తెచ్చి అమ్మే దొర్ల తెగ రైతు ఆయతు కూతుర్ని పిలిచారు. లక్కే దాని పేరు. పన్నెండేళ్లది. మంగతాయారు తన హారమే తీసి దాని మెడలో వేసింది.

"ఫలహారం ఆ పిల్లక్కూడా పెట్టారా?" అని పరాంకుశం అడిగాడు.

మంగతాయారు చూపు మెట్ల వైపు పోయింది. పెట్టాంగా, విడిగా ఆకులో వేసి ఇచ్చాం, అంది.

పరాంకుశం చప్పున లెక్క కట్టుకున్నాడు. ఆటలో పాత్ర ఇచ్చారు, తినడానికి ఆకు ఇచ్చారు. మెడలో హారం, మెట్ల కింద ఫలహారం. పైకి మాత్రం మెత్తగా, హారం ఎన్ని తులాలమ్మా అన్నాడు.

"ఉంటుందండీ... ఆరో, ఏడో."

పరాంకుశం ముప్పయ్యేళ్లలో ఎందరో ఆడవాళ్ల పోయిన నగల జాబితాలు రాసుకున్నాడు. మొగుడి వయసు మరిచిపోయినావిడను చూశాడు గాని, తన బంగారం తూకం తెలియనావిడను చూడలేదు. ఆ సంగతి నోట్లోనే ఉంచుకుని రఘును పిలిపించమన్నాడు.

కుర్రవాడికి మీసం ఇంకా రాలేదు, భయం మాత్రం ముఖమంతా వచ్చింది. తల్లి ముందు నోరు పెగల్లేదు. పరాంకుశం వాణ్ణి వెనక దొడ్లోకి నడిపించుకుపోయి, తన జేబు గడియారం తీసి వాడి అరచేతిలో పెట్టి, నిన్నటి మధ్యాహ్నం ఇందులో తిప్పి చూపించవయ్యా అన్నాడు. చేతిలో వస్తువుంటే మాట తేలిగ్గా వస్తుందని ఆయన నమ్మకం.

వచ్చింది. మూడు పది: లక్కేను డిపోలో మూడో దొంతరకూ నాలుగో దొంతరకూ మధ్య రఘు కూచోబెట్టాడు. మూడున్నర: ఈల ఊదారు, పిల్లలు మొదటి చీటీ వెతకడం మొదలెట్టారు. నాలుగు: డిపో గంట కొట్టగానే బండి తోలే జోగి వెళ్లి, లక్కేను అక్కణ్ణించి పశువుల కొట్టంలోకి మార్చాలి. వెతికేవాళ్లను తికమక పెట్టడానికి పన్నిన ఎత్తు అది. జోగి నాలుగింటికే వెళ్లాడు. పిల్ల లేదు. తనే కొట్టంలోకి పోయిందనుకుని ఊరుకున్నాడు. నాలుగూ నలభై అయిదు: నాలుగో చీటీతో పిల్లలంతా కొట్టానికి వచ్చి పడ్డారు. అక్కడా లేదు. అయిదు: కబురు తెలిసి ఆయతు తనే ఠాణాకి పరుగెత్తాడు. ఆరు: ఆయతును లోపలేశారు.

"జోగితో వెళ్లాలని లక్కేకు ముందే తెలుసా?"

"ఎవరొస్తారో చెప్పలేదండీ. చెబితే మజా ఉండదని. ఒకాయన వచ్చి 'మిస్టరీ' అంటాడు, ఆయన వెంట మాట్లాడకుండా వెళ్లు, నేనొచ్చి చాలు అనేదాకా నోరు తెరిచావో ఓడిపోయినట్టే అన్నాను. పొద్దున పిలవడానికి వెళ్లినప్పుడే ఆ మాట మూడుసార్లు పలికించానండీ."

"గెలిస్తే ఏమిస్తానన్నావు?"

రఘు గడియారం తిరిగి ఇచ్చేశాడు. గెలిస్తే కేకు కోసేటప్పుడు లోపల అందరి పక్కన కూచోబెడతామన్నాం, అని నేలకేసి చెప్పాడు.

అప్పుడు అడగవలసిన ప్రశ్న ఇంకొక్కటే ఉంది: ఆ పిల్ల నోట్లో ఆ మాట ఎలా పలికింది అని. మాటల్ని విరిచి, అతికి, తిరగేసి తినే పరాంకుశం ఆ ఒక్కటీ అడగలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు దాన్ని తలుచుకుని ఆయన తనను తాను తిట్టుకున్నాడు.

డిపోకి చేరేసరికి పదిన్నర. రఘును పది అడుగుల దూరంలో నిలబెట్టి, తను దొంతరల మధ్య గొంతుక్కూచున్నాడు. ఇసక నేల, గాలి చొరని సందు. నిన్నటిది నిన్నటిలాగే ఉంది. పిల్ల కూచున్న చోట ఇసక నొక్కుకుంది. పక్కన తునికిపండు గింజలు, ఒక్కోటీ చప్పరించి ఒక వరసలో పేర్చినవి, పదకొండు. పన్నెండోది సగం కొరికి వదిలేసింది.

రఘువీ లక్కేవీ పోను, అక్కడిదాకా వచ్చిన అడుగులు రెండు రకాలు. ఒకటి ఉత్తకాళ్లవి, వెడల్పువి. అవి జోగివని రఘు చెప్పాడు, బొటనవేలు వంకరట. రెండోవి చెప్పులవి, మడమ కింద ఇనుప నాడా ఉన్నవి. మూడు చోట్ల ఉత్తకాలు నాడా గుర్తు మీద పడింది. అంటే నాడా చెప్పులు ముందొచ్చాయి, జోగి తర్వాతొచ్చాడు. నాలుగుకు ముందే ఎవరో వచ్చిపోయారు. దుంగ మొదట్లో ఒక చుట్ట పీక పడి ఉంది. పరాంకుశం దాన్ని వాసన చూశాడు. లంకపొగాకు కాదు. నోట్లో పెట్టుకునే కొసకు మొక్కజొన్న పొట్టు చుట్టి ఉంది. రంగూన్ నుంచి వచ్చినవాళ్లు తప్ప ఈ తీరాన ఎవరూ కాల్చని సరుకు. పీకను కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు.

ఆ నాడా చెప్పుల పక్కనే చిన్న పాదాలు బయటికి నడిచాయి. ఈడ్చిన గీత లేదు, పెనుగులాడిన ఆనవాలు లేదు, పరుగు లేదు. దొంతర మలుపులో మాత్రం ఎడమ పాదమే నాలుగుసార్లు పడింది. కుడిది లేదు. తర్వాత మళ్లీ రెండూ.

"దెబ్బ తగిలిందంటారా?" అన్నాడు రఘు దూరంనుంచి.

"బెదిరిన పిల్ల కుంటితే కుంటుతుందేమో గాని, కుంటాట ఆడదు బాబూ. సంతోషంగా వెళ్లింది."

ఈ మాట తనకే చేదుగా తగిలి పరాంకుశం పైకి లేచాడు. లేచేసరికి ఎదురుగా బూట్లు. బూట్ల పైన ఠాణా దరోగా హర్‌పాల్ సింగ్. పేరులో పాలున్నా అతని మాట ఎప్పుడూ విరుగుడే. తెలుగు దేశపు సరిహద్దులో ఎనిమిదేళ్లు పనిచేసి, తెలుగులో తిట్టడం, హిందీలో మన్నించడం నేర్చుకున్నాడు. మన్నించే అవసరం పెద్దగా రాకపోవడంవల్ల ఇప్పుడు ఎక్కువగా తెలుగే మాట్లాడతాడు.

"పండిత్‌జీ, మీ సర్కార్ నదికి ఆ పక్క. ఈ పక్క మీకేం పని?"

హారం పోయినావిడ పిలిచింది, వచ్చాను, అని పరాంకుశం జవాబు. దరోగా నవ్వి, కేసు ఎప్పుడో సాఫ్ అయిపోయిందన్నాడు. లడ్కీ హారంతో జంగల్‌లోకి పారిపోయింది. తండ్రే పంపించాడు, తండ్రే దాచాడు. రెండింటికి లారీలో అతణ్ణి జగదల్‌పూర్ పంపిస్తే, అక్కడ రెండు రోజుల్లో అన్నీ కక్కుతాడు. ఇది చెబుతూ దరోగా రెండడుగులు ముందుకు వేశాడు. రెండో అడుగు నాడా గుర్తుల మీద సరిగ్గా పడింది. అక్కడే ఆగి, బూటు మడమ మీద ఒక చుట్టు తిరిగాడు.

"దరోగాజీ, మీరు తొక్కింది సాక్ష్యం."

"నేను తొక్కాక అది మట్టి."

పరాంకుశం గొంతు తగ్గించి, నాలుగింటికి ముందు ఇక్కడికి చెప్పులేసుకున్న మనిషి ఒకడు వచ్చాడనీ, వాడికోసం వెతకరా అనీ అడిగాడు. డిపోలో వందమంది తిరుగుతారన్నాడు దరోగా. వందలో చెప్పులున్నవాళ్లెందరని అడిగాడు పరాంకుశం. దరోగా ఆ సందులో ఈ చివరనుంచి ఆ చివరదాకా తీరిగ్గా పచార్లు చేసి, ఇసకంతా చదును చేసి మరీ వెళ్లాడు. తెలివితక్కువవాడు ఇంత ఓపికగా తొక్కడు. పరాంకుశం ఆ ఓపికను గుర్తుపెట్టుకున్నాడు.

పదకొండున్నరకు ఠాణా వెనక కిటికీ దగ్గర నిలబడ్డాడు. లాకప్పు చూసుకునే జవాను జేబులోకి రెండు తమలపాకుల కట్టలు పోయాయి, పది నిమిషాలు బయటికి వచ్చాయి.

ఆయతు ఊచల అవతల నేల మీద కూచుని ఉన్నాడు. నలభయ్యేళ్ల మనిషి, ఒక్క రాత్రిలో యాభై దాటినట్టున్నాడు. హారం గురించి పరాంకుశం ఏమీ అడగలేదు. పిల్ల ఏం కట్టుకుని వెళ్లింది, ఏం తిని వెళ్లింది, అని మొదలెట్టాడు. ఆ రెండూ తనను ఇంతవరకూ ఎవరూ అడగలేదని ఆయతు తలెత్తాడు. ఎర్రంచు గుడ్డ కట్టుకుంది. అంబలి తాగింది. పోతూ పోతూ తునికిపండ్లు మూటగట్టుకుంది.

"నువ్వు ఇష్టంగానే పంపావా?"

"నేను వద్దన్న అయ్యా. రెండుమాట్ల వద్దన్న. దొరసానే నవ్వింది. భయమేంది ఆయతూ, పిల్లల ఆటే గదా అన్నది."

"ఆటకు పంపడానికి భయమెందుకు?"

"ఆటని నాకేం ఎరుక? మేస్త్రీ పార్టీ అన్నది. మేస్త్రీ ఎంబడి పార్టీల పోయిన మా అన్న దేవా, అయిదేండ్లాయె, ఇంక రాలే. అందుకే భయపడ్డ. లక్కే గూడ అదే అన్నది. అయ్యా, మేస్త్రీ వస్తడంట, వాని ఎంబడి గమ్మున పోతే గెలిచినట్టంట అని."

పరాంకుశం ఊచ పట్టుకున్నాడు.

ఆ తీరంలో మేస్త్రీ అంటే ఎవరో పసిపిల్లకు కూడా తెలుసు. గోదావరి జిల్లాలనుంచి వచ్చి, ఊరూరా మనుషుల్ని పోగేసి, పడవలెక్కించి, కాకినాడలో స్టీమరెక్కించి, రంగూన్ బియ్యం మిల్లులకు తోలేవాడు. అలా తోలిన గుంపును పార్టీ అంటారు. ఇంగ్లీషు పత్రిక చదివే ఇల్లాలికి మిస్టరీ అన్నది వినోదం. ఇప్పపువ్వు ఏరే ఇంటికి మేస్త్రీ అన్నది అన్న పోయిన దారి. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడా అంతా నాలుక కొసన ఒక్క ఏత్వం, ఒక్క ఒత్తు. ఇంతకంటే పేలవమైన శ్లేషల్ని పరాంకుశం ఊరికే పదిమందిలో విసిరి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఇది మాత్రం పొద్దుటినుంచి ఆయన చెవి పక్కనుంచే నాలుగుసార్లు పోయింది. ఆయన చెవి కదలలేదు.

మిగతాది అడగకుండానే కళ్లకు కట్టింది. డిపో పక్కనుంచే రేవుకు దారి. నాడా చెప్పులవాడు ఆ దారిన పోతూ, వెనకబడ్డ కూలీలకోసం మేస్త్రీ పార్టీ, మేస్త్రీ పార్టీ అని కేకలు పెట్టుకుంటూ దుంగల సందులోకి వచ్చి ఉంటాడు. దుంగల మధ్యనుంచి ఒక పిల్ల, పన్నెండో పండు వదిలేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నవ్వుతూ బయటికి వచ్చి వాడి పక్కన నిలబడి ఉంటుంది. ఎవరే నువ్వు అంటే చెప్పదు. ఎవరి పిల్లవే అంటే చెప్పదు. చెబితే ఓడిపోతుంది.

"ఊళ్లోకి మేస్త్రీ ఎవడన్నా వచ్చాడా ఆయతూ?"

"శుక్రవారం దిగిండు. రేవుకాడ. దరోగకు గూడ చెప్పిన, ఇనలే."

జవాను దగ్గాడు. పది నిమిషాలు అయిపోయాయి.

బంగళాకు తిరిగొచ్చేసరికి పన్నెండున్నర. ముందు ఆయతును బయటికి తేవాలి. మేస్త్రీ పడవ ఏ ఊరి దగ్గర దొరికినా, ఈ పిల్ల నాది అని అవతలి పోలీసుల ముందు చెప్పగలిగినవాడు ఆయన ఒక్కడే. రెండింటికి లారీ. దొంగతనం కేసు పోతే తప్ప ఆయన రాడు. హారం బంగారం కాదంటే తప్ప కేసు పోదు. పరాంకుశం మంగతాయారు ఎదట కూచుని, ఈసారి శ్లేషలూ అలంకారాలూ అన్నీ పక్కనబెట్టి అడిగాడు.

"అమ్మా, ఆ హారం కాకిబంగారం. అవునా?"

ఆవిడ పమిట మెడ మీదికి లాక్కుంది. తర్వాత, అసలుది మూడేళ్లుగా ఇంట్లో లేదంది. ఆయన వ్యాపారానికి ఎప్పుడో పోయింది. అచ్చు అలాంటిదే గిల్టుది చేయించి ఇచ్చారు. ఊరంతా దాన్నే చూశారు, రేంజరుగారి భార్య దాని నమూనా అడిగి తీసుకుంది, దరోగా భార్య మెచ్చుకుంది. నిన్న సాయంత్రం దరోగా వచ్చి బంగారమేనా అంటే, గదినిండా ఆడవాళ్లున్నారు, అవునన్నాను, అంది.

ఆ ముక్క కాగితం మీద రాసి సంతకం చెయ్యమన్నాడు పరాంకుశం.

"నోటితో ఎవరికి చెప్పమన్నా చెబుతాను. కాగితం మాత్రం వద్దండీ. ఆయన తిరిగొస్తే నేను ఈ గడపలో నిలబడలేను."

"మీ నోటి మాట ఒకటి ఆ పిల్ల నిన్న విన్నదమ్మా. మీరొకటి అన్నారు, దానికొకటి వినబడింది. కాగితమైతే తప్పు వినబడదు."

అర్థం కాక చూసింది. పరాంకుశం చెప్పాడు. మిస్టరీ అన్నాడు. ఆగి, మేస్త్రీ అన్నాడు. చుట్ట పీక తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ పెదవులు ఆ రెండు మాటల్నీ చప్పుడు లేకుండా ఒకసారి పలికి చూసుకున్నాయి. ఆయతు రెండుసార్లు అడిగాడు, అంది తనలో తను. మేస్త్రీ ఎవరమ్మా అని అడిగాడు, ఎంత ముద్దుగా పలికాడో అని అందరికీ చెప్పి నవ్వించాను. గుమ్మంలో నిలబడ్డ రఘు లోపలికి రాలేదు, బయటికి పోలేదు.

ఆవిడ కలం తీసుకుంది. మూడు వాక్యాలు రాసింది. మూడో వాక్యం కింద పూర్తిపేరు, ఇంటిపేరుతో సహా.

ఒంటిగంటా పావుకు ఆ కాగితం దరోగా బల్ల మీద పడింది. పరాంకుశం పూర్తి యుద్ధానికి సిద్ధమై వెళ్లాడు. దారిపొడుగునా రెండు సెక్షన్లు, మూడు వెక్కిరింపులు నూరుకున్నాడు. ఒక్కటీ వాడే అవసరం రాలేదు. దరోగా కాగితం చదివించుకుని, పెద్దగా నవ్వి, గిల్టు హారానికి ఇంత హంగామానా అన్నాడు. జవాన్ని పిలిచి తాళం తీయించాడు.

"లే జాయియే పండిత్‌జీ. మనిషిని తీసుకుపోండి. నాకు ఇతనితో ఇంక పని లేదు."

ఆయతు బయటికి వచ్చి ఎండలో కళ్లు చికిలించాడు. పరాంకుశం మాత్రం గడప దగ్గరే ఆగాడు. పొద్దున అడుగుజాడల మీద అంతసేపు పచార్లు చేసినవాడు, మధ్యాహ్నం మనిషిని ఇంత తేలిగ్గా వదిలాడు. "ఇంక పని లేదు" అన్నాడు. అంటే ఇంతకుముందు పని ఉంది. ఆ పని అయిపోయింది.

ఇద్దరూ రేవు వైపు నడిచారు. నడిచారనేకన్నా ఆయతు ముందు పరుగెత్తాడు, పరాంకుశం వెనక రొప్పాడు.

రేవులో సంస్థానం నాకా, అంటే తనిఖీ చౌకీ. సరుకైనా మనిషైనా ఏరు దాటాలంటే అక్కడ రవాణా చీటీ కావాలి. నాకా మున్షీ ముసలాయన, ముక్కు కొసన అద్దాలు, తన దస్తూరీ అంటే తనకే ముద్దు. నిన్న సాయంత్రం రంగూన్ మేస్త్రీ పడవ వెళ్లిందా అని పరాంకుశం అడిగితే, మెచ్చుకోవడానికి వచ్చాడనుకుని రవాణా చీటీ నకలు తీసి చూపించాడు. మేస్త్రీ పార్టీ. మగవాళ్లు పద్నాలుగు, ఆడవాళ్లు ఐదు, పిల్ల ఒకటి. బయలుదేరిన వేళ అయిదున్నర. గురువారం కాకినాడ స్టీమరుకు అందాలని మేస్త్రీ తొందరపెట్టాడట.

"పన్నెండేళ్ల పిల్లను ఎలా వదిలావు మున్షీజీ?"

ముసలాయనకు రోషం వచ్చింది. కాగితం లేకుండా ఈ రేవులో మేకపిల్ల కూడా దాటదన్నాడు. నాలుగున్నరకు మేస్త్రీ ఆ పిల్లతో వస్తే తనే ఆపాడట. తండ్రి ఒప్పుకోలు కావాలి, దాని మీద ఠాణా మొహరు పడాలి, పో, తీసుకురా అన్నాడట. మేస్త్రీ ఠాణాకి పోయాడు. అయిదూ ఇరవైకి కాగితంతో తిరిగొచ్చాడు. ఆ గంటసేపూ పిల్ల ఇదుగో ఈ అరుగు మీదే కూచుందట. బుద్ధిమంతురాలు. పేరడిగినా చెప్పలేదు, ఏడవనూ లేదు, తనను చూసి ఒకటి రెండుసార్లు నవ్వింది కూడా.

మున్షీ పెట్టె తెరిచి ఆ ఒప్పుకోలు తీశాడు. దాని జత మేస్త్రీ దగ్గరే ఉంటుంది, దారిలో ఎవరడిగినా చూపించడానికి. హిందీలో నాలుగు వరసలు, కింద ఠాణా మొహరు, హర్‌పాల్ సింగ్ సంతకం. ఆ పక్కన నల్లగా రెండు వేలిముద్రలు.

పరాంకుశం ఆ నాలుగు వరసలూ చదివాడు. హారం, దొంగతనం, లాకప్పు, జగదల్‌పూర్ లారీ, ఇవన్నీ ఏమిటో అప్పుడు తెలిసింది. పడవ దూరం పోయేదాకా తండ్రి నోటికి వేసిన గుడ్డ. ఈ కాగితం చేతిలో ఉన్నంతకాలం అవతలి ఒడ్డున ఏ పోలీసూ ఆ పడవను ఆపడు. ఆపినా చదివి వదిలేస్తాడు. కాగితం ప్రకారం లక్కే తప్పిపోయిన పిల్ల కాదు. ఒప్పజెప్పిన పిల్ల.

ఆయతు ఆయన భుజం పక్కన నిలబడి కాగితంకేసి చూస్తున్నాడు. చదవడం రాదు. ఆ నల్ల ముద్రల్ని మాత్రం గుర్తుపట్టాడు.

"ఇది నాదే. నిన్న ఠాణల ఏసిన. ఏం రాసిన్రు అయ్యా దీంట్ల?"

పరాంకుశం కాగితం ఎత్తి పట్టుకుని, ఒక్కో వరసా హిందీలో చదువుతూ తెలుగులో చెప్పాడు. నా కూతురు లక్కేను నా ఇష్టపూర్తిగా మూడేళ్లకు మేస్త్రీ వశం చేశాను. దాని మీద ఈ మూడేళ్లూ నాకు ఏ హక్కూ లేదు. దీనికి నా వేలిముద్ర.

మున్షీ అద్దాలు తీసేశాడు. ఆయతు వేలితో కాగితం మీది మొదటి ముద్రను తాకాడు. అది కొంచెం చెదిరి ఉంది. పక్కనున్న రెండోది గీత గీత తేలి స్పష్టంగా ఉంది.

"ముద్రేస్తే పిల్లని దేవులాడుతమన్నరు" అన్నాడు. "మొదటిది సరిగ పడలే. దొరకదేమోనని, రెండోది నేనే గట్టిగ ఒత్తిన."